13వ వరుసకు వినపడలేదు: సాహిత్యోత్సవ నిర్వాహకులకు ఒక శ్రోత బహిరంగ లేఖ

సాహిత్యోత్సవ నిర్వాహక సంఘం పెద్దలకు, వేదికల బాధ్యులకు, సంధానకర్తలకు

నమస్కారం.

ఒక రోజంతా పుస్తకాల గురించి మాట్లాడుకునే చోటు ఏర్పాటు చేయడం ఎంత కష్టమో ఊహించగలను. రచయితలను ఒప్పించాలి, హాలు దొరకాలి, డబ్బు సమకూరాలి, చివరి నిమిషంలో ఒకరు రామంటే ఇంకొకరిని బతిమాలుకోవాలి. ఇదంతా మీలో చాలామంది జీతం లేకుండానే చేస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయంలోకి వస్తాను, ఎందుకంటే దీన్ని మీకు చెప్పడం ఇది నాలుగోసారి.

మొదటిసారి పోయిన ఏడాది, ఉత్సవం ముగిశాక గేటు దగ్గర ఇచ్చిన అభిప్రాయాల కాగితం మీద రాశాను. రెండోసారి ఈ ఏడాది ఉత్సవానికి 6 వారాల ముందు ఉత్తరం పంపాను. ‘మీ సూచన మాకెంతో విలువైనది’ అని రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. ఎవరు ఏం రాసినా అదే వెళ్తుందని మా అబ్బాయి చెప్పాక అర్థమైంది. మూడోసారి ఉత్సవం రోజునే, హెల్ప్ డెస్క్ దగ్గర నోటితో చెప్పాను. అక్కడున్న అమ్మాయి ఎంతో మర్యాదగా ‘కొంచెం ముందుకెళ్లి కూర్చోండి సార్’ అంది. ముందుకెళ్తే ఏమైందో కింద రాస్తాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా. ఇక్కడ చెవిటివాణ్నీ నేనే, శంఖం ఊదుతున్నదీ నేనే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 30 ఏళ్లు అచ్చుయంత్రాల పక్కన నిలబడి పనిచేశాను. 85 డెసిబెళ్ల చప్పుడులో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుందని ఇవాళ అందరికీ తెలుసు. మా రోజుల్లో చెవిలో ఇంత దూది పెట్టుకోవడమే రక్షణ. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్ ఉంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నటి ధ్వనులు. అంటే స, శ, చ, త లాంటివి. ‘సంత’ అన్నది నాకు ‘అంత’ అని వినిపిస్తుంది. అచ్చు పని చేసినవాడికి అచ్చులు మిగిలాయి, హల్లులు పోయాయి. కాబట్టి నాకు అసలేమీ వినపడదని కాదు. గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. ఈ తేడా తెలియనివాళ్లు గట్టిగా అరుస్తారు. అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి.

ఇదంతా నా ఒక్కడి గొడవే అయితే ఈ లేఖ అక్కర్లేదు. ఆ రోజు నా చుట్టూ కూర్చున్నవాళ్లు చాలామంది చెవులు బాగా పనిచేసేవాళ్లే. వాళ్లకూ వినపడలేదు.

ఏం జరిగిందో చెబుతాను. నేను ఆ రోజు వచ్చింది ప్రధానంగా ఒక కథారచయిత్రి కోసం. 80 దాటిన మనిషి. సభలకు దాదాపు రారు. ఆవిడ కథలు కొన్నింటికి నేనే ప్రూఫులు తీసి ఇచ్చాను, అచ్చయ్యాక మొదటి కాపీ నేనే విప్పి చూశాను. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం సెషన్‌కి గంట ముందే వెళ్తే 13వ వరుసలో చోటు దొరికింది. సంధానకర్త గారు మైకు మూతికి ఆనించుకుని ఆవిడను పరిచయం చేశారు. ఎక్కడ పుట్టారు, ఏమేం రాశారు, ఏమేం అవార్డులొచ్చాయి, తాను మొదటిసారి ఆవిడ కథ చదివినప్పుడు తన మనసు ఏమైంది. ప్రతి మాటా గంట కొట్టినట్టు వినపడింది. తర్వాత ఆవిడ చేతికి మైకు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతిరుమాలు పట్టుకున్నట్టు పట్టుకుని, మాట్లాడటం మొదలుపెట్టారు.

అంతే. ఆవిడ గురించి అంతా విన్నాను, ఆవిణ్ని మాత్రం వినలేదు.

వెనకనుంచి ఎవరో ‘మైకండీ, మైకు!’ అని అరిచారు. సంధానకర్త గారు తన మైకులో ‘వినపడుతోందా?’ అని అడిగారు. బాగా పనిచేస్తున్న మైకులో అడిగితే వినపడకేం? ముందు వరుసలవాళ్లు తలూపారు. సమస్య తీరిపోయిందని ఆయన అనుకున్నారు. కాసేపటికి ఆవిడ ఏదో అన్నారు, ముందున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు ఏడో వరుస దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి వెనక ఉన్నవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కొందరు మర్యాదకు నవ్వారు. నేనూ నవ్వాను.

నా పక్కన ఒకావిడ నోట్‌బుక్ పెట్టుకుని రాసుకుంటున్నారు. స్కూల్లో పాఠాలు చెబుతారట, పిల్లలకు చెప్పడానికని వచ్చారు. వినపడని చోట చుక్కలు పెడుతున్నారు. మొదట వాక్యానికి మూడు చుక్కలు. తర్వాత వరుసకి వరుస చుక్కలు. సెషన్ అయ్యేసరికి ఆ పేజీలో మాటలకంటే చుక్కలే ఎక్కువ. ‘ఇంటికెళ్లి నింపుకుంటాను, రికార్డింగ్ పెడతారు కదా’ అన్నారు. ఆ మాట మీద మళ్లీ చివర్లో వస్తాను.

ఇక నా ఫిర్యాదులు ఒక్కొక్కటిగా.

1. వినపడకపోవడం వినేవాడి లోపం కాదు, ఏర్పాట్ల లోపం. శబ్దం పుట్టిన చోటికీ దాన్ని అందుకునే చోటికీ దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు పడిపోతుంది. నోటికి బెత్తెడు దూరంలో ఉండాల్సిన మైకు మూరెడు దూరానికి జారితే దాదాపు 15 డెసిబెళ్లు పోయినట్టే. వినికిడి తక్కువైనవాళ్లకు పాఠం అర్థం కావాలంటే, క్లాసులో టీచరు గొంతు చుట్టూ ఉన్న చప్పుడు కంటే కనీసం 15 డెసిబెళ్లు పైన ఉండాలని వినికిడి నిపుణులు చెబుతారు. మైకు ఒళ్లోకి జారడంతోనే ఆ మొత్తం పోయింది. అప్పుడు సౌండ్ చూసే కుర్రాడు వాల్యూం పెంచుతాడు, స్పీకర్లు కుయ్యిమంటాయి, హాలంతా అతని వైపు కోపంగా చూస్తుంది. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు. ‘అమ్మా, మైకు ఇలా పట్టుకోండి’ అని ఆవిడకు ముందే ఒకరు చెప్పి ఉంటే సరిపోయేది.

పొద్దున సెషన్‌లో దీనికి తిరగేసిన కథ. నవలా రచయిత గారికి కాలర్ మైక్ పెట్టారు. అది చొక్కాకు ఎడమవైపు ఉంది. సంధానకర్త కుర్చీ ఆయనకు కుడివైపు. సంభాషణ కాబట్టి ఆయన సహజంగానే కుడివైపు తిరిగి మాట్లాడారు. మా వైపు తిరిగినప్పుడు సగం వాక్యం వినపడింది, అటు తిరిగినప్పుడు మిగతా సగం పోయింది. ఆయన పెదవులు చూసి పోల్చుకుందామంటే (మాలాంటివాళ్లకు అది పెద్ద ఆసరా) వెనక నుంచి స్పాట్ లైటు, మొహం మీద చీకటి.

బయటి పెద్ద గుడారంలో ఇంకో చిత్రం. ముందొక జత స్పీకర్లు, చివర ఒక జత. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. అంటే 34 మీటర్లు రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. వెనక కూర్చున్నవాడికి దగ్గరి స్పీకర్‌లోంచి మాట ముందు వస్తుంది, అదే మాట వేదిక వైపునుంచి కాస్త ఆగి మళ్లీ వస్తుంది. ఒకే మనిషి ఇద్దరై మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వెనక స్పీకర్లకు ఆ మేరకు ఆలస్యం పెట్టే సెట్టింగ్ ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో మామూలుగా ఉంటుంది. ఎవరూ పెట్టలేదు.

‘చెవి మిషన్ ఉంది కదా’ అంటారు. చెవి మిషన్ కళ్లద్దం లాంటిది కాదు. ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి అది బాగా పనికొస్తుంది. హాల్లో అయితే పక్కవాడి దగ్గునూ కుర్చీ కిర్రుమనడాన్నీ ప్లాస్టిక్ కవర్ గలగలనూ కూడా పెంచి చెవిలో పోస్తుంది. దానికి మందు ఎప్పుడో కనిపెట్టారు. హాలు చుట్టూ ఒక వైరు వేస్తారు. మైకులోని మాట ఆ వైరు ద్వారా అయస్కాంత తరంగంగా వస్తుంది. చెవి మిషన్‌లో ‘టి’ స్విచ్ ఉన్నవాళ్లు అది నొక్కితే, రచయిత నోటి దగ్గరి మాట నేరుగా చెవిలో పడుతుంది. మధ్యలో హాలు చప్పుడుండదు. దీన్ని లూప్ అంటారు. చాలా దేశాల్లో థియేటర్లలోనూ టికెట్ కౌంటర్లలోనూ ఉంటుంది. ఇదే సంగతి నా రెండో ఉత్తరంలో బొమ్మ గీసి మరీ పంపాను.

ఎంతమందికి అవసరం అని అడుగుతారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వినికిడి లోపానికి ఏదో ఒక సాయం అవసరమైనవాళ్లు 43 కోట్లమంది. 2050 నాటికి అది 70 కోట్లు దాటుతుంది. 60 ఏళ్లు పైబడినవాళ్లలో పాతిక శాతానికి పైగా ఇబ్బంది పెట్టేంత చెవుడు ఉంటుంది. మీ హాల్లో పగటిపూట సెషన్లకు ఎవరొస్తున్నారో ఒకసారి వేదిక మీద నుంచి చూడండి. నెరిసిన తలలే ఎక్కువ. వాళ్లలో ఎంతమంది వింటున్నారు, ఎంతమంది విన్నట్టు కూర్చున్నారు?

వినపడనివాళ్లు గొడవ చేయరు, రావడం మానేస్తారు. నాతో ప్రెస్సులో పనిచేసిన మిత్రుడొకడు రెండేళ్లు వచ్చాడు. ఈసారి ‘నువ్వెళ్లి విని వచ్చి నాకు చెప్పరా’ అన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి ‘ఏం చెప్పిందిరా ఆవిడ?’ అని అడిగాడు. ఏమని చెప్పను? చీర రంగు చెప్పాను.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కూడా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 30వ అధికరణం ఉంది. సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాలుపంచుకోవడం హక్కు అంటుంది అది.

సాంకేతికత లేక కాదు, పట్టించుకునేవాళ్లు లేక అని ఎందుకంటున్నానంటే, 1858 నుంచి టికెట్ పెట్టి తన రచనలు తానే సభల్లో చదివిన చార్లెస్ డికెన్స్‌కు మైకే లేదు. చదవబోయే హాలుకు ముందే వెళ్లి, తాను వేదిక మీద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుతూ, మేనేజరును హాలు నాలుగు మూలలకూ పంపి వినపడుతోందో లేదో సరిచూసుకునేవారు. మీ హాల్లో 13వ వరుసలో ఎవరైనా ముందుగా కూర్చుని చూశారా?

2. ముందుకెళ్లి కూర్చోమన్నారు కదా, వెళ్లాను. మొదటి మూడు వరుసల కుర్చీల వెనక ‘రిజర్వ్‌డ్’ అని కాగితాలు అంటించి ఉన్నాయి. సెషన్ మొదలయ్యేసరికి వాటిలో సగానికి సగం ఖాళీ. అక్కడ కూర్చోబోతే ఇంకో వాలంటీరు వచ్చి లేపాడు. అతిథులు వస్తారన్నాడు. సెషన్ అయిపోయేదాకా రాలేదు. వినపడనివాణ్ని వెనక్కి పంపి ఖాళీ కుర్చీలకు వినిపించారు.

3. టైం. ఉదయం ప్రారంభ సభ గంటలో ముగుస్తుందని కార్యక్రమ పత్రికలో వేశారు. అతిథులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి రెండు గంటలకు చేర్చారు. వాళ్లలో పుస్తకాల ఊసెత్తినవారు ఒక్కరే. ఆ పోయిన గంటను ఎక్కణ్నుంచి కోశారు? కొత్త రచయితల సెషన్లోంచి. మొదటి పుస్తకం వేసుకున్న నలుగురు పిల్లలకు కలిపి గంట ఇవ్వాల్సింది, పావుగంట ఇచ్చారు. ఒక అబ్బాయి చదవడానికి నాలుగు పేజీలు ప్రింటు తీసుకొచ్చుకున్నాడు. మొదటి పేజీ సగంలో ఉండగా చీటీ అందింది. మిగతా పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలు కాబోలు, వెనక నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నారు. వాళ్లు రోజు పని మానుకుని వచ్చినట్టే ఉన్నారు.

సంధానకర్తలకు ఇక్కడే ఒక మాట. మీలో చక్కగా నడిపేవాళ్లు ఉన్నారు. పొద్దున అనువాదాల సెషన్ నడిపినావిడ నాలుగంటే నాలుగు చిన్న ప్రశ్నలు వేసి, మిగతా టైమంతా నోరు మూసుకుని విన్నారు. ఆ రోజు మొత్తంలో నాకు ఎక్కువ అర్థమైన సెషన్ అదే. కొందరి ప్రశ్నలు మాత్రం రచయిత జవాబుకంటే పొడుగ్గా ఉంటున్నాయి. ప్రశ్న ముగిసేసరికి అందులోనే జవాబు కూడా ఉంటే, పాపం రచయిత ‘అవునండీ’ అనడం తప్ప ఏం చేస్తారు?

4. ఒకే సమయంలో మూడు చోట్ల మూడు సెషన్లు. ఎక్కువమంది రచయితలకు అవకాశం దొరకాలని మీరు చేసే పనే, కాదనను. కానీ రెండు గుడారాలు పక్కపక్కన వేసి, ఒకదాంట్లో కవిత్వం, ఇంకోదాంట్లో పాటల కార్యక్రమం పెట్టారు. శబ్దాన్ని ఆపేది బరువు. గోడ ఆపినట్టు గుడ్డ ఆపదు. అందులోనూ డప్పు లాంటి లోతైన శబ్దాలను గుడ్డ అసలే ఆపదు. ఎవరినో పోగొట్టుకుని రాసిన కవిత ఒకావిడ చదువుతుంటే పక్కనుంచి దరువు. ఆవిడ రెండుసార్లు ఆగి, మూడోసారి నవ్వేసి, కవిత మధ్యలో ముగించారు. గుడారాలు వద్దనడం లేదు. 1983లో మొదలైన ఎడిన్‌బరో పుస్తకోత్సవం ఏళ్ల తరబడి తోటలో గుడారాల కిందే జరిగింది. ఏ గుడారం పక్కన ఏది పెట్టాలన్నదే ప్రశ్న.

సెషన్‌కీ సెషన్‌కీ మధ్య వ్యవధి కూడా లేదు. 3 గంటలకు ఒకటి ముగుస్తుంది, 3 గంటలకే ఇంకోటి ఇంకోచోట మొదలవుతుంది. కుర్రవాళ్లు పరిగెత్తుతారు. చేతికర్ర పట్టుకున్నవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు, చంటిపిల్లలతో వచ్చినవాళ్లు చేరేసరికి చోటుండదు. సంతకాల క్యూ కూడా అప్పుడే. పుస్తకం కొన్నవాడు సంతకమా, తర్వాతి సెషనా తేల్చుకోవాలి.

5. ప్రశ్నల సమయం. సభలోవాళ్ల దగ్గరికి మైకు పంపడం లేదు. ఎవరో లేచి ప్రశ్న అడుగుతారు, వేదిక మీదివాళ్లకు తప్ప ఎవరికీ వినపడదు. రచయిత ‘అవును, అది నిజమే, కానీ మీరనేది పూర్తిగా ఒప్పుకోను’ అని జవాబిస్తారు. ఏది నిజం? ఏది ఒప్పుకోరు? సంధానకర్త ప్రశ్నను తన మైకులో ఒక్కసారి తిరిగి చెబితే చాలు.

తోటి శ్రోతలూ, తప్పు మనలోనూ ఉంది. ‘ఇది ప్రశ్న కాదు, చిన్న కామెంట్’ అని మొదలుపెట్టి తమ వ్యాసం వినిపించేవాళ్ల కోసం మనం రాలేదు.

6. రచయితల పారితోషికం. ఇది నా చెవికి సంబంధించింది కాదు కానీ, పుస్తకాల పనిలో బతికినవాణ్ని కాబట్టి అడుగుతున్నాను. స్టేజీ వేసినవాళ్లకు, సౌండు పెట్టినవాళ్లకు, బ్యానర్లు కొట్టినవాళ్లకు డబ్బిస్తారు. ఇవ్వాల్సిందే. ఎవరి కోసం ఆ స్టేజీ వేశారో ఆ రచయితకు మాత్రం ‘మీ పుస్తకానికి ప్రచారం’ అంటారు. సొంత ఖర్చుతో వచ్చామని ఆ రోజు ఇద్దరు రచయితలు మాటల్లో అన్నారు. ఇది మీ ఒక్కరి సంగతే కాదు. 2016 జనవరిలో ఫిలిప్ పుల్మన్ అనే రచయిత, వక్తలుగా వచ్చే రచయితలకు డబ్బివ్వడం లేదన్న కారణంతో ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవం పోషకుడి హోదానే వదులుకున్నారు. ఉచితంగా రాగలిగినవాళ్లే వస్తే, జీతం కోసుకుని రాలేని రచయితల మాట మాలాంటి మామూలు పాఠకులకు ఎప్పటికీ అందదు. పేరున్నవాళ్లనే ఏటా మళ్లీ మళ్లీ వింటాం. వినపడితే.

7. రికార్డింగులు. ప్రతి సెషన్‌లో రెండేసి కెమెరాలు ఉన్నాయి. పోయిన ఏడాదీ ఉన్నాయి. అప్పుడు తీసినవాటిలో బయటికొచ్చింది ప్రారంభ సభ ఒక్కటే.

మీ నుంచి కోరుతున్నది ఇది.

పైసా ఖర్చు లేనివి ముందు. ప్రతి వక్తకూ వేదిక ఎక్కేముందు మైకు పట్టుకోవడం ఒక మనిషి చూపించాలి. సెషన్ మొదలైన రెండో నిమిషంలో ఒక వాలంటీరు చివరి వరుసలో నిలబడి, వినపడకపోతే చెయ్యెత్తి సౌండ్ ఆపరేటర్‌కు చెప్పాలి. ‘వినపడుతోందా’ అన్న ప్రశ్న ముందు వరుసను కాదు, ఆ వాలంటీరును అడగాలి. రిజర్వు చేసిన కుర్చీలు సెషన్ మొదలైన ఐదు నిమిషాలకు ఖాళీగా ఉంటే వదిలేయాలి. వాటిలో ఒక వరుస వినికిడి, చూపు, నడక ఇబ్బందులున్నవాళ్లకు ఎప్పుడూ ఉంచాలి. సభలోంచి వచ్చే ప్రశ్నను సంధానకర్త మైకులో తిరిగి చెప్పాలి. ప్రారంభ సభ ఎంతసేపని వేశారో అంతే ఉండాలి. అది పొడుగైతే కోత అతిథుల మీద పడాలి, కొత్త రచయితల మీద కాదు. సెషన్ల మధ్య కనీసం 20 నిమిషాలు ఉండాలి.

కొంత ఖర్చయ్యేవి తర్వాత. వచ్చే ఉత్సవానికి కనీసం ప్రధాన హాల్లో లూప్ ఉండాలి. కొనక్కర్లేదు, అద్దెకు తెచ్చి వేయొచ్చు. వేశాక చెవి మిషన్ ఉన్న ఒకరిని పిలిచి పరీక్షించాలి. నన్ను పిలిస్తే వస్తాను. చెవి మిషన్ లేనివాళ్ల కోసం హెడ్‌ఫోన్‌తో వాడే రిసీవర్లు కొన్ని హెల్ప్ డెస్క్‌లో ఉంచాలి. కొన్ని సెషన్లయినా సంకేతభాష అనువాదకులతో జరగాలి. తెర మీద మాటలు అక్షరాల్లో వచ్చే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. అయితే మనిషి పర్యవేక్షణ లేకుండా యంత్రం రాసే క్యాప్షన్లను నమ్మి ఊరుకోకండి. అవి రచయితల పేర్లే తప్పు రాస్తాయి. ఎంత చిన్న మొత్తమైనా అందరు వక్తలకూ పారితోషికం, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. డబ్బు చాలకపోతే వేదికలు తగ్గించండి. మూడు వేదికల మీద సగం సగం వినడం కంటే ఒక వేదిక మీద పూర్తిగా వినడానికి మాకేం అభ్యంతరం లేదు.

వీటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో, వచ్చే నెలాఖరులోగా రాతపూర్వకంగా, అందరికీ కనపడేలా చెప్పమని కోరుతున్నాను. ‘పరిశీలిస్తాం’ అన్న మాట వద్దు. ఆ రోజు 10వ వరుస నుంచి వెనక కూర్చున్న 18 మంది ఈ కోరికలతో ఏకీభవిస్తూ నా నోట్‌బుక్‌లో సంతకాలు పెట్టారు. వాళ్లలో చెవి మిషన్ ఉన్నవాళ్లం ముగ్గురమే. జవాబు రాకపోతే వచ్చే ఏడాది గేటు దగ్గర ఇదే లేఖ పట్టుకుని నిలబడి, లోపలికెళ్లే ప్రతి ఒక్కరినీ సంతకం అడుగుతాను. గొడవ చేయను, పక్కకు జరగను.

ఒక్కటి మాత్రం నెలాఖరు దాకా ఆగలేను. మధ్యాహ్నం ప్రధాన హాల్లో ఆ కథారచయిత్రి గారి సెషన్ రికార్డింగ్ ఈ వారమే విడుదల చేయండి. శబ్దం సన్నగా ఉన్నా ఫరవాలేదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని పదిసార్లు వింటాను. నా మిత్రుడికి చెప్పాలి. టీచరు గారి నోట్‌బుక్‌లో చుక్కలు అలాగే ఉన్నాయి. ఏడో వరుస దాకా ఎందుకు నవ్వారో మా ఇద్దరికీ ఇంకా తెలియదు.

ఇట్లు
13వ వరుసలో కూర్చున్న ఒక శ్రోత